ఎండ రాని ముందుగదికి ఆర్టిఫిషియల్ బోన్సాయ్: ఎలాంటిది కొనాలి, ఎక్కడ పెట్టాలి?

మొగలిరేకు (బరంపురం)

అందరికీ నమస్కారం. మేము ఒడిశా బరంపురంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ముందుగది పది అడుగులు బై పన్నెండు. ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకి ఎదురుగా ఉంది, కాబట్టి పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. మనీ ప్లాంట్ తప్ప ఇంకేదీ బతకడం లేదు. పైగా పండగలకీ పెళ్ళిళ్ళకీ సోంపేట, ఇచ్ఛాపురం వెళ్ళామంటే ఇల్లు వారాల తరబడి తాళం వేసి ఉంటుంది. నీళ్ళు పోసే దిక్కు ఉండదు.

అందుకని ఒక ఆర్టిఫిషియల్ బోన్సాయ్, అంటే కుండీలో పొట్టిగా పెంచే చెట్టులాంటి బొమ్మ, పెడదామనుకుంటున్నాను. గోడలు లేత క్రీమ్ రంగు. ఒక గోడకి సోఫా, ఎదురు గోడకి టీవీ. వీధి తలుపు పక్కన మూల ఖాళీగా ఉంది. 1500 రూపాయల దాకా పెట్టగలను. ఆన్‌లైన్‌లో చూస్తే రెండు వందలవీ ఉన్నాయి, పది వేలవీ ఉన్నాయి. ఫొటోల్లో అన్నీ బాగానే కనిపిస్తున్నాయి. గులాబీ పూలది, ఎర్రాకులది, అరలు అరలుగా ఆకు గుత్తులున్నది... ఏది తీసుకుంటే గదికి అందం వస్తుంది? ఇంటికొచ్చినవాళ్ళకి చవకబారుగా కనిపించకూడదు, అదే నా టెన్షన్.

నాగావళి ఒడ్డు (రాయగడ)

టీవీ పక్కన మాత్రం వద్దండి. కదిలే బొమ్మల పక్కన కదలని వస్తువు పెడితే ఎవరి చూపూ దాని మీద నిలవదు. తలుపు పక్క మూల అన్నారు కదా, అదే మంచి చోటు. చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టగానే కనబడుతుంది.

గులాబీ పూలది వద్దు. పెళ్ళి స్టేజీల మీద వాడి వాడి ఆ పూలు ఎక్కడ చూసినా ఫంక్షన్ హాలే గుర్తొస్తుంది.

పాత ఇల్లు (పర్లాకిమిడి)

అమ్మాయీ, ఒక మాట. ఎదుగుదల ఆపేసిన చెట్టు ఇంట్లో ఉంటే ఆ ఇంటికి కూడా ఎదుగుదల ఉండదని మా పెద్దవాళ్ళు అనేవారు. వాస్తు చూసేవాళ్ళు ఇప్పటికీ అంటారు. నీ ఇష్టాన్ని కాదనడం లేదు. మీ అత్తవారి వైపు ఎవరికైనా ఆ పట్టింపు ఉందేమో ముందే కనుక్కో. కొన్నాక మాట పడడం ఎందుకు?

దేరావీధి మగ్గం (బరంపురం)

బాబాయ్ గారూ, ఆ మాట బతికున్న చెట్టు గురించి కదండీ. వేళ్ళు కోసి, కొమ్మలు కోసి పెంచుతారు కాబట్టి అలా అన్నారు. ఇది బొమ్మ. దీనికి ఎదగడమూ లేదు, ఆపడమూ లేదు. గోడకి చెట్టు పటం తగిలించుకున్నట్టే.

పాత ఇల్లు (పర్లాకిమిడి)

అదీ నిజమే. అయితే దేవుడి గూటికి దూరంగా పెట్టుకోమ్మా. ఇది వాస్తు కోసం చెప్పడం లేదు, దీపం కోసం చెబుతున్నాను. ప్లాస్టిక్ ఆకూ వెలిగే వత్తీ దగ్గర దగ్గరగా ఉండకూడదు.

సైన్స్ మేస్టారు (గుణుపురం)

దీపం సంగతి మంచి మాట చెప్పారు. ఈ ఆకులు ఎక్కువగా పాలిథిన్‌తోనో పీవీసీతోనో చేస్తారు. పాలిథిన్ 120 డిగ్రీల అటూ ఇటూలోనే కరగడం మొదలవుతుంది. పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. అది గొంతునీ ఊపిరితిత్తుల్నీ మండిస్తుంది. అగరుబత్తులు కూడా దూరంగానే ఉంచాలి. కుండీలో రాళ్ళు ఉన్నాయి కదా అని దోమల కాయిల్ అందులో పెట్టేవాళ్ళు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి.

జువ్వి కొమ్మ (జయపురం)

నేను పెంచేవి బతికున్న బోన్సాయ్‌లు. జువ్వి, రావి, మేడి, చింత... అన్నీ డాబా మీద ఉంటాయి. అయినా మొగలిరేకు గారికి నేను ఇచ్చే సలహా ఆర్టిఫిషియల్‌ది తీసుకోమనే. బోన్సాయ్ అంటే గదిలో పెట్టుకునే మొక్క అని చాలామంది అనుకుంటారు. అది ఆరుబయట బతికే చెట్టు. జపాన్‌లో కూడా దాన్ని బయటే పెంచుతారు. అతిథులు వచ్చినప్పుడు లోపలికి తెచ్చి, టొకొనొమా అనే గోడగూటిలో కూర్చోబెట్టి, చూశాక మళ్ళీ బయటికి చేరుస్తారు. చీకటి గదిలో జునిపర్ అనే చలిప్రాంతపు చెట్టు పెడితే కొన్ని వారాలు పచ్చగానే ఉంటుంది. అది బతికి ఉందని మనం నీళ్ళు పోస్తూనే ఉంటాం, కానీ అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. పైగా దానికి చలికాలంలో నిద్ర కావాలి, అంత చలి బరంపురంలో ఎక్కడిది? బతికున్న చెట్టుని తెచ్చి చీకట్లో చంపడం కంటే బొమ్మ చెట్టు వెయ్యి రెట్లు నయం.

అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ ఆర్బోరేటమ్ అనే చెట్ల తోటలో ఒక పైన్ బోన్సాయ్ ఉంది. 1625 నుంచి కుండీలో పెరుగుతోంది. 1945లో హిరోషిమా మీద బాంబు పడ్డప్పుడు ఆ ఊళ్ళోనే ఉండి బతికి బయటపడింది. 1976లో జపాన్ వాళ్ళు దాన్ని కానుకగా ఇచ్చారు. అలాంటి చెట్టు వెనక తరతరాల చేతులుంటాయి. ప్లాస్టిక్ చెట్టుకి ఆ వయసు తేలేము. దాని నుంచి మనం కోరుకోగలిగింది ఒక్కటే, మంచి ఆకారం. ఆకారం కుదిరితే ఆకు ప్లాస్టిక్ అని తెలిసినా కంటికి ఇబ్బంది అనిపించదు. ఆకారం కుదరకపోతే ఆకు ఎంత నిజంలా ఉన్నా లాభం లేదు.

కాబట్టి ముందు ఆకులు చూడకండి, మొదలు చూడండి. మొదలు లావుగా ఉండి పైకి పోయేకొద్దీ సన్నబడాలి. చవక రకాల్లో కింద నుంచి పైదాకా ఒకే లావు ఉంటుంది, అక్కడే పట్టుబడిపోతుంది. మట్టి దగ్గర వేళ్ళు నాలుగు పక్కలా పాకినట్టు కనబడాలి. కర్ర తెచ్చి కుండీలో గుచ్చినట్టు ఉంటే అది ముసలి చెట్టు అని ఎవరూ నమ్మరు. మొదటి కొమ్మ మొత్తం ఎత్తులో మూడో వంతు దగ్గర మొదలవ్వాలి. మాను వంపు తిరిగితే కొమ్మ ఆ వంపు బయటి వైపు నుంచి రావాలి, లోపలి వైపు నుంచి వస్తే కుట్టేసినట్టు ఉంటుంది. కింది భాగంలో మన ముఖం మీదకి పొడుచుకొచ్చే కొమ్మ ఉండకూడదు. వెనక వైపు మాత్రం ఒక కొమ్మ ఉండి తీరాలి, లేకపోతే లోతు తెలియదు, అట్టముక్కలా ఉంటుంది. ఆన్‌లైన్ అమ్మకాల్లో ముందు నుంచి తీసిన ఫొటోయే పెడతారు కాబట్టి, కొన్నవాళ్ళు రివ్యూల్లో పక్క నుంచి తీసి పెట్టిన ఫొటోలు వెతికి చూడండి.

కుండీ సంగతి చాలామంది పట్టించుకోరు. పొడవు చెట్టు ఎత్తులో మూడింట రెండు వంతులుంటే చాలు. లోతు మాను మొదలు లావంత. చెట్టు కుండీకి నట్టనడుమ కాకుండా కాస్త పక్కకి, కాస్త వెనక్కి జరిగి ఉండాలి. పైన్ లాంటి చెట్లకి మెరుపు లేని ముదురు గోధుమరంగు కుండీ వాడతారు. పూలచెట్లకి మెరిసే రంగు కుండీ నప్పుతుంది. మీరు కొన్న దానికి తెల్ల ప్లాస్టిక్ కుండీ వస్తే, అది మార్చడంతోనే చెట్టు సగం మారిపోతుంది. మట్టి పళ్ళెం లాంటి కుండీలు కుమ్మరి దగ్గర చెప్పి చేయించుకోవచ్చు, పెద్ద ఖర్చు కాదు.

మొగలిరేకు (బరంపురం)

జువ్వి కొమ్మ గారూ, చాలా థాంక్సండీ. మీరు చెప్పినవన్నీ పెట్టుకుని చూస్తే నేను దాచుకున్న లింకుల్లో సగానికి పైగా ఎగిరిపోయాయి. రెండు మిగిలాయి. ఒకటి పైన్, ఒక పక్కకి పొడవుగా చాచిన కొమ్మ ఉంది. రెండోది "ప్రిజర్వ్‌డ్" అని రాశారు, నిజం ఆకులే అంటున్నారు, ధర కాస్త ఎక్కువ. ఈ రెండోది మంచిదా?

సైన్స్ మేస్టారు (గుణుపురం)

మీ ఊరికి వద్దమ్మా. ప్రిజర్వ్‌డ్ అంటే నిజమైన ఆకులోని నీటి బదులు గ్లిసరిన్ ఎక్కించి, రంగు వేసి నిలవ ఉంచినది. చూడ్డానికి చాలా బాగుంటుంది, కాదనను. కానీ గ్లిసరిన్‌కి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. బరంపురం సముద్రానికి దగ్గర. వానాకాలంలో ఆ ఆకులు చెమట పట్టినట్టు తడిసి, చుక్కలు కారి, కింద గుడ్డకీ గోడకీ పచ్చ మరకలు పడతాయి. ఏసీ ఎప్పుడూ నడిచే ఆఫీసులకి అది పనికొస్తుంది. మీరు వారాల తరబడి తలుపులు మూసేసి వెళ్తారు కాబట్టి బూజు కూడా పట్టొచ్చు.

ప్లాస్టిక్‌లో రెండు రకాలు తెలుసుకోండి. పాలిథిన్ కరిగించి అచ్చులో పోసిన ఆకు మందంగా ఉంటుంది, మెరుపు తక్కువ, ఈనెలు చేతికి తగులుతాయి. పీవీసీ రేకుని సన్నగా కత్తిరించి చేసిన పైన్ ఆకు పలచగా, తళతళలాడుతూ ఉంటుంది. చవక క్రిస్మస్ చెట్లకి ఉండేది అదే. ధర కాస్త ఎక్కువైనా అచ్చు పోసినదే తీసుకోండి. కడగడానికీ అదే తేలిక. గుడ్డ ఆకులైతే కొత్తలో ముద్దుగా ఉంటాయి గానీ అంచుల్లో దారాలు లేస్తాయి.

సరుగుడు గాలి (గోపాల్‌పూర్)

కొనకుండా చేసుకోవడం గురించి ఎవరూ చెప్పడం లేదు, కాబట్టి నేను చెబుతాను. నేను ఇవి తయారు చేసి మా చుట్టాలకి ఇస్తుంటాను.

మాను కోసం సరుగుడు వేరు వాడతాను. 2013 అక్టోబరులో పైలిన్ తుపాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. అప్పుడు ఒడ్డున సరుగుడు చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఇప్పటికీ ప్రతి పెద్ద గాలివానకీ కొన్ని పడుతూనే ఉంటాయి. తోటల్లోంచి మనం తవ్వి తెచ్చుకోకూడదు, అవి గాలి ఆపడానికి వేసినవి. కట్టెల అడితికి వెళ్ళి అడిగితే పొయ్యిలోకి పనికిరాని వంకర మొద్దులు పక్కన పడేసి ఉంటాయి, తూకానికి ఇస్తారు. సరుగుడు వేరు చూడండి, మెలికలు తిరిగి, పైన నార లేచి, అరచేతి పొడవు ముక్కకే వందేళ్ళ చెట్టు కళ ఉంటుంది. ఏ ఫ్యాక్టరీ అచ్చూ అలా పోయలేదు.

సముద్రం పక్క కట్టెకి ఉప్పు పట్టి ఉంటుంది. మంచినీళ్ళ తొట్టిలో వేసి, రోజూ నీళ్ళు మారుస్తూ నానబెట్టాలి. చివర్లో కట్టెని నాలుక అంచుకి తగిలించి చూస్తాను, ఉప్పదనం తెలియకూడదు. ఉప్పు మిగిలితే వానాకాలంలో తెల్లగా పొంగుతుంది, పెయింట్ నిలవదు. తరవాత నీడలో ఆరబెట్టి, ఆపైన ఎండలో. తడి కట్టెని ఒక్కసారే ఎండలో పెడితే బీటలు వస్తాయి. ఆరాక వైరు బ్రష్‌తో నార వెంబడి తోమితే మెత్తటి భాగం రాలిపోయి గట్టి గీతలు పైకి తేలతాయి. చిన్న చిన్న కన్నాలూ, సన్నటి పొడీ కనిపిస్తే పురుగు ఉన్నట్టే, ఆ ముక్క వదిలేయండి.

కొమ్మలకి రాగి తీగ. మోటారు వైండింగ్ షాపులో పాత తీగ కిలో లెక్కన దొరుకుతుంది. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో ఇనప బైండింగ్ వైరు పనికిరాదు, తుప్పు పట్టి ఆకుల మీదకి దిగుతుంది. కొన్న చెట్లలో కూడా లోపల ఇనప తీగే ఉంటుంది, కొమ్మ చివర తీగ బయటికి కనబడితే నెయిల్ పాలిష్ చుక్క పెట్టి మూసేయండి. నాలుగైదు తీగలు కలిపి మెలిపెట్టి, చివర్లలో విడదీస్తే పెద్ద కొమ్మ నుంచి చిన్న కొమ్మలు వాటంతట అవే వస్తాయి. కట్టెలో సన్నటి డ్రిల్ బిట్‌తో కన్నం చేసి తీగ దించి, అతుకు మీద ఎం-సీల్ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పదార్థం) పెట్టాలి. ఎం-సీల్ మెత్తగా ఉండగానే టూత్‌బ్రష్‌తో పొడిచి, గీరి, బెరడులా చేయాలి. గట్టిపడ్డాక ఇంకేం చేయలేం. ముదురు గోధుమరంగు వేసి, అది ఆరాక, బ్రష్‌కి బూడిదరంగు కొంచెం అంటించి, కాగితానికి తుడిచేసి, ఆ దాదాపు పొడి బ్రష్‌ని పైపైన ఆడిస్తే గట్లకి మాత్రమే రంగు పట్టుకుంటుంది. అతుకు ఎక్కడుందో నాకే వెతుక్కోవాల్సి వస్తుంది.

ఆకులకి ప్లాస్టిక్ లాన్ మ్యాట్, లేదా షాపుల్లో గోడలకి తగిలించే ఆకుల మ్యాట్ ముక్క చాలు. గుత్తులుగా కత్తిరించి జిగురుతో అతికించాలి. గుత్తి పైన గుండ్రంగా ఉండాలి, కింద మాత్రం చదునుగా, తేటగా ఉండాలి. గుత్తికీ గుత్తికీ మధ్య ఖాళీ ఉండి అందులోంచి గోడ కనబడాలి. చాలామంది ఆ ఖాళీని చూసి ఓర్చుకోలేక ఆకుతో నింపేస్తారు, అప్పుడది చెట్టు కాదు, పొదే. కుండీలో అడుగున వైట్ సిమెంట్ పోసి మాను దింపండి, ఫ్యాను గాలికి కూడా పడదు.

దేరావీధి మగ్గం (బరంపురం)

అన్నయ్యా, ఇది చదివి మా చిన్నోడు ఇప్పుడే అడితికి బయల్దేరతానంటున్నాడు.

సరుగుడు గాలి (గోపాల్‌పూర్)

పంపించండి. వేలి లావు నుంచి మణికట్టు లావు దాకా ఉన్న ముక్కలు ఏరమనండి. కన్నం చేసేటప్పుడు మాత్రం మీరు పక్కన ఉండండి.

నాగావళి ఒడ్డు (రాయగడ)

కొన్నా, చేసుకున్నా, ఎక్కడ ఎంత ఎత్తులో పెట్టాలన్నది తేలలేదు. నేలమీద మూలలో పెడితే పైనుంచి చూస్తాం, అప్పుడు ఆకుల నెత్తి తప్ప మాను కనబడదు. షోకేస్ పైన పెడితే కింద నుంచి కుండీ అడుగు కనిపిస్తుంది.

జువ్వి కొమ్మ (జయపురం)

సరిగ్గా అడిగారు. జపాన్‌ వాళ్ళు నేలమీద కూర్చుని చూస్తారు కాబట్టి ఆ టొకొనొమా గూడు ఎత్తు తక్కువ. మనం సోఫాలో కూర్చుంటే కన్ను నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది. మాను నడుమ ఆ ఎత్తుకి రావాలి. పదిహేను, పద్దెనిమిది అంగుళాల చెట్టు అయితే స్టాండు మూడు అడుగుల లోపు ఉంటే చాలు. పది బై పన్నెండు గదికి అంతకంటే పెద్ద చెట్టు వద్దు.

ఇంకో ముఖ్యమైన సంగతి. బోన్సాయ్‌కి ముఖం ఉంటుంది. చెట్టు పైభాగం చూసేవాళ్ళ వైపు కొంచెం ఒంగుతుంది. ఆ వైపే గదికి తిప్పాలి. కొన్నది అయినా సరే, నెమ్మదిగా తిప్పుతూ చూడండి. మొదలు వెడల్పుగా, వేళ్ళు బాగా కనిపించే వైపే ముఖం. మీరు చెప్పిన ఒక పక్కకి కొమ్మ చాచిన పైన్ ఉంది కదా, అది చైనాలో హువాంగ్‌షాన్ కొండల మీద ఉన్న ఒక పేరున్న చెట్టుని చూసి చేసే ఆకారం. అతిథుల్ని రమ్మని చెయ్యి చాచినట్టు ఉంటుందని దాన్ని స్వాగతం చెప్పే పైన్ అంటారు. వీధి తలుపు పక్కన పెట్టడానికి దాన్ని మించింది లేదు. ఆ కొమ్మ గోడ వైపు కాకుండా గది లోపలికి చాచి ఉండాలి. తలుపు ఎడమ పక్క పెడతారా, కుడి పక్క పెడతారా అన్నది ముందే చూసుకుని కొనండి, ఎందుకంటే తిప్పితే ముఖం వెనక్కి పోతుంది.

మొగలిరేకు (బరంపురం)

ఇది నాకు అస్సలు తట్టలేదు! లోపలికి వచ్చేవాళ్ళకి మా మూల ఎడమ చేతి వైపు. అంటే కొమ్మ చెట్టుకి ఎదురుగా నిలబడితే కుడి వైపుకి ఉండాలి. లింకులో ఉన్నది ఎడమకి ఉంది. అదే షాపులో రెండో వైపుది ఉందేమో అడుగుతాను.

గోడ ఉత్త క్రీమ్ రంగు, బోసిగా ఉంది. వెనక ఏదైనా వేలాడదీయనా? మా అమ్మ ఇచ్చిన బరంపురం పట్టు చీర ఒకటి పాతది ఉంది, కొంగు చిరిగింది. ఫొడా కుంభ అంచు మాత్రం చెక్కుచెదరలేదు.

దేరావీధి మగ్గం (బరంపురం)

చీర అనగానే నేను పలక్కుండా ఎలా ఉంటాను! మాది నేతపని ఇల్లు. ఆ అంచు మీద గోపురాల వరుస ఉంటుంది, కన్ను అటే పోతుంది. దాని ముందు చెట్టు పెడితే చెట్టూ పోతుంది, అంచూ పోతుంది. వెనక వద్దు. అంచుని విడిగా కోయించి, అస్తరు వేయించి, స్టాండు మీద కుండీ కింద పరిచే పట్టీలా చేయించండి. రెండు చివర్లా జానెడు కిందకి వేలాడితే చాలు. చీర రంగు ఏమిటి?

మొగలిరేకు (బరంపురం)

ముదురు మెరూన్, అంచు పసుపు.

దేరావీధి మగ్గం (బరంపురం)

పైన్ పచ్చ కింద మెరూన్ చాలా బాగా నప్పుతుంది. పట్టు మీద కుండీ అడుగు గీసుకోకుండా నాలుగు ఫెల్ట్ ముక్కలు అంటించండి. అమ్మ చీర కదా.

బొజ్జ గణపయ్య (రాయగడ)

నాకు మాత్రం మీరందరూ మరీ తీసేస్తున్నారనిపిస్తోంది. పిల్లలున్న ఇల్లు కాస్త కళకళలాడాలి. మేము బోన్సాయ్ చుట్టూ సీరియల్ లైట్లు చుట్టాం, కింద చిన్న బుద్ధుడు, పక్కన నీళ్ళు పడే ఫౌంటెన్. సాయంత్రం లైట్లు వేస్తే పక్కింటి పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. మా పాపకి ఆ మూల అంటే ప్రాణం.

నాగావళి ఒడ్డు (రాయగడ)

పిల్లలకి నచ్చితే అది మీ ఇంటికి సరైనదేనండీ. మొగలిరేకు గారు అడిగింది చూసినవాళ్ళకి చవకబారుగా కనిపించకూడదని. అందుకు తక్కువ వస్తువులే మేలు. ఫౌంటెన్ తుంపర్లు ఆకుల మీద పడితే తెల్లటి చారలు కడతాయి, కాస్త దూరం జరపండి. గులకరాళ్ళు విడిగా వదిలేస్తే పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఫెవికాల్‌లో సగానికి సగం నీళ్ళు కలిపి రాళ్ళ మీద పోస్తే ఆరాక గట్టిగా పట్టేస్తాయి, మరక కూడా కనబడదు.

కొమ్ము పని (పర్లాకిమిడి)

పక్కన ఒక్క వస్తువు పెట్టొచ్చు. జపాన్‌ పద్ధతిలో కూడా చెట్టు పక్కన చిన్న గడ్డి కుండీనో, చిన్న బొమ్మనో ఒక్కటే పెడతారు, అది చెట్టు కంటే బాగా చిన్నదిగా ఉంటుంది. మా పర్లాకిమిడి కొమ్ము బొమ్మల్లో కొంగ ఉంటుంది చూశారా, గేదె కొమ్ముని వేడి చేసి వంచి, పాలిష్ పట్టి చేసేది. నల్లగా, నున్నగా, సన్నటి మెడ. అది చెట్టుకి అటు పక్క, కొమ్మ చాచిన వైపు కాకుండా రెండో వైపు, కొంచెం ముందుకి పెట్టి చూడండి. కొంగ చూపు చెట్టు వైపు ఉండాలి. మన ఊరి వస్తువు కాబట్టి, ఎవరైనా ఇది ఎక్కడిదని అడిగితే చెప్పుకోవడానికి కూడా బాగుంటుంది. కొమ్ముకి తడి తగలనీయకండి, అప్పుడప్పుడు కొబ్బరినూనె చుక్కతో తుడవండి.

సైన్స్ మేస్టారు (గుణుపురం)

లైటు గురించి. మీ గదిలో పగలు కూడా లైటు తప్పదన్నారు. తెల్ల ట్యూబ్ లైటు కింద ప్లాస్టిక్ పచ్చ నీలం కొట్టినట్టు కనబడుతుంది, చవకతనం అక్కడే బయటపడుతుంది. 3000 కెల్విన్ అని రాసి ఉన్న వార్మ్ వైట్ బల్బు తీసుకోండి. అద్దె ఇల్లు కాబట్టి గోడకి కన్నాలు వద్దు, క్లిప్ లైటు స్టాండుకో కిటికీ చువ్వకో తగిలించొచ్చు. వెలుగు నెత్తి మీద నుంచి తిన్నగా కాకుండా, పై నుంచి ఒక పక్కగా ఏటవాలుగా పడాలి. అప్పుడు ఆకు గుత్తుల కింద నీడ ఏర్పడి గుత్తికి బరువు వస్తుంది. చెట్టు నీడ గోడ మీద పడుతుంది. బోసిగా ఉందన్నారే, ఆ గోడకి ఇంక వేరే పటం అక్కర్లేదు. చెట్టుని గోడకి ఆనించకుండా జానెడు ముందుకి జరపండి.

ఎండ తగిలే ఇళ్ళవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఇంకొకటి. ప్లాస్టిక్ ఆకుకి నేరుగా ఎండ పడితే అతినీలలోహిత కిరణాలకి రంగు వెలిసిపోతుంది, ఆకు పెళుసై రాలుతుంది. పడమటి కిటికీ గట్టు మీద పెట్టకండి.

ప్రాణహిత (బల్లార్షా)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది మహారాష్ట్రలో చంద్రపురం జిల్లా, బల్లార్షా. ఇక్కడ మే నెల ఎండలు మీకు తెలుసు కదా, 45 డిగ్రీలు దాటుతాయి. నేను గ్లూ గన్‌తో చెట్టు చేద్దామనుకుంటున్నాను. వేడికి జిగురు నిలుస్తుందా?

సరుగుడు గాలి (గోపాల్‌పూర్)

గ్లూ గన్ జిగురు వేడికి కరిగేదే కదండీ, బాగా వేడెక్కిన చోట మెత్తబడుతుంది. గది లోపల నీడపట్టున పర్వాలేదు. రేకుల ఇల్లు అయినా, ఎండ తగిలే గోడ పక్కన అయినా ఆకు గుత్తులు జారిపోతాయి. ఆకు గుత్తుల్ని సన్నటి రాగి తీగతో కొమ్మకి ఒక చుట్టు చుట్టి, దాని మీద జిగురు పెట్టండి. బరువు తీగ మోస్తుంది. మాను దగ్గర అతుకులు మాత్రం ఎం-సీల్‌తోనే చేయండి. అది రెండు ముద్దలు కలిపితే గట్టిపడే రకం, వేసవి ఎండకి మళ్ళీ మెత్తబడదు.

ప్రాణహిత (బల్లార్షా)

ధన్యవాదాలండీ. ఇక్కడ సరుగుడు దొరకదు. టేకు వేరు వాడొచ్చా?

జువ్వి కొమ్మ (జయపురం)

టేకు వద్దు, అడవి కలపకి అనుమతుల గొడవ ఉంది. కంచెల్లో కొట్టిపారేసిన రేగు మొద్దో, పాత దానిమ్మ మొద్దో చూడండి. దానిమ్మ మాను ముదిరితే తనంతట తనే మెలి తిరుగుతుంది.

మొగలిరేకు (బరంపురం)

చివరికి తీసుకున్నానండీ. అచ్చు పోసిన ఆకుల పైన్, పదహారు అంగుళాలు, కొమ్మ కుడి వైపుకి. మొదటిసారి పంపినది దారిలో నలిగి కొమ్మ విరిగి వచ్చింది, వాళ్ళు మార్చి ఇచ్చారు. తెల్ల కుండీ తీసేసి మట్టి పళ్ళెంలో దించాను. వేళ్ళ దగ్గర ఎం-సీల్‌తో రెండు వేళ్ళు అదనంగా పాకించాను, సరుగుడు గాలి అన్నయ్య చెప్పిన పొడి బ్రష్ పద్ధతిలో రంగు వేశాను. ఇప్పుడు కర్ర గుచ్చినట్టు లేదు. చీర అంచు పట్టీ కుట్టించాను. కొమ్ము కొంగ కోసం పర్లాకిమిడిలో ఉన్న మా పిన్నికి చెప్పాను, రథయాత్రకి వచ్చేటప్పుడు తెస్తానంది.

మా అత్తగారు లైటు వేసినప్పుడు గోడ మీద నీడ చూసి, టీవీ కట్టేయమన్నారు! ఇంక నాకు ఒక్క సందేహం. దుమ్ము ఎలా దులపాలి? వారాల తరబడి ఊరు వెళ్తే కప్పి వెళ్ళాలా?

సైన్స్ మేస్టారు (గుణుపురం)

వారానికోసారి మెత్తటి పెయింట్ బ్రష్‌తో పైనుంచి కిందకి. హెయిర్ డ్రైయర్ ఉంటే చల్లగాలి మీద పెట్టి ఊదొచ్చు, వేడిగాలి వద్దు. దుమ్ము జిడ్డుగా అంటుకుంటే, వంటింటి పొగ వచ్చే ఇళ్ళలో అలా అంటుకుంటుంది, గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి గుడ్డ ముంచి గుత్తి గుత్తిగా అద్దండి. మీరు రంగు వేసిన మొదలు మాత్రం తడపకండి. ఆరాక గానీ స్థానంలో పెట్టకండి, పట్టు పట్టీ మీద నీళ్ళు పడితే మచ్చ పోదు. సువాసన స్ప్రేలు, మెరుపు స్ప్రేలు కొట్టొద్దు, వాటి జిడ్డుకి దుమ్ము రెట్టింపు పడుతుంది.

పాత ఇల్లు (పర్లాకిమిడి)

ఊరు వెళ్ళేటప్పుడు ప్లాస్టిక్ కవరు కప్పకమ్మా, లోపల తేమ నిలిచి కుండీలో బూజు వస్తుంది. పాత నూలు చీర మడత విప్పి వదులుగా కప్పు. క్లిప్ లైటు ప్లగ్ తీసేసి వెళ్ళు. ఆ కొమ్ము కొంగని మాత్రం బీరువాలో పెట్టుకుని వెళ్ళు, కొమ్ముకి పురుగు పడుతుంది. నాలుగు లవంగాలు గుడ్డలో కట్టి పక్కన పెట్టు.